కొత్త మాస్టారు ఎవరితో అన్నం తింటున్నారు?

(పార్వతీపురంలో ప్రధానోపాధ్యాయులు, సీనియర్ ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

వేదిక మీద ఉన్న పెద్దలకీ, కింద కూర్చున్న అసలు పెద్దలకీ నమస్కారం. నాకు అరగంట ఇచ్చారు. హెడ్మాస్టరుగా పనిచేసినవాడికి అరగంట అంటే ప్రార్థన దగ్గర మాట్లాడడానికే చాలదు. చూద్దాం.

బ్యానర్ మీద అంశం చదివారా? "నూతన ఉపాధ్యాయులకు చేయూత, వారిని నిలుపుకోవడం." చేయూత సరే. నిలుపుకోవడం అనే మాట దగ్గర మొన్న రాత్రి నాకు బండి ఆగిపోయింది. నిలుపుకోవడమేంటండీ? డీఎస్సీ కొట్టినవాడు ఉద్యోగం వదులుతాడా? కోచింగ్ సెంటర్లో, లైబ్రరీ అరుగు మీద ఏళ్ళకేళ్ళు కూర్చుని, ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడి తెచ్చుకున్న ఉద్యోగం. ఎవరు వదులుతారు? మీ మండలంలో రాజీనామా చేసిన కొత్త టీచర్ ఎవరైనా ఉన్నారా, చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఉద్యోగం వదలకుండా బడిని వదిలేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆ, ఇప్పుడు నవ్వుతున్నారు. తెలుసు మీకు. ఒకాయన డిప్యుటేషన్ మీద ఆఫీసులో ఉంటాడు. ఇంకొకాయన టేబుల్ సొరుగులో గ్రూప్-2 పుస్తకం ఉంటుంది, అది తప్పని నేను అనను. ఇంకొకామె ట్రాన్స్‌ఫర్ పాయింట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. వీళ్ళందరికంటే నాకు భయం వేసేది నాలుగో రకం. రోజూ టైముకి వస్తాడు, ఫేస్ అటెండెన్స్ వేస్తాడు, పాఠం చదువుతాడు, వెళ్ళిపోతాడు. ఎవరినీ ఏమీ అడగడు. చేరిన కొత్తలో ఇలా లేడు. చేరిన కొత్తలో చార్టులు గీసుకుని వచ్చాడు. ఆ చార్టులకీ ఈ మౌనానికీ మధ్య ఏదో జరిగింది. రాజీనామా చేస్తే ఒక కాగితమైనా మిగులుతుంది. ఇతని సంగతి ఏ రిజిస్టర్లో కనిపిస్తుంది? హాజరు నూటికి నూరు.

నేను ఈ రోజు మాట్లాడేది ఆ మధ్యలో జరిగిన దాని గురించి. అది ఎక్కడో అమరావతిలో జరగలేదు. మన స్టాఫ్ రూముల్లో జరిగింది. మనమే చేశాం. నేను కూడా చేశాను, అది కూడా చెప్తాను.

ముందు నా కథ కొంచెం. 1986లో నేను స్పెషల్ టీచర్‌గా చేరాను. జీతం నెలకి 398 రూపాయలు. ఇక్కడ తెల్లజుట్టువాళ్ళు తల ఊపుతున్నారు, మాలో ఆ అంకె వింటే చాలు బంధుత్వం కలుస్తుంది. నాకు వచ్చింది కొండ కింద సవర గిరిజనుల ఊరు. ఏకోపాధ్యాయ పాఠశాల. బస్సు దిగి ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్తే బడికి తాళం ఉంది. తాళంచెవి ఊళ్ళో కొట్టాయన దగ్గర ఉంది. ఛార్జి ఇచ్చేవాడు లేడు, ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పేవాడు లేడు. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, మేకల వాసన. ట్రైనింగ్‌లో మాకు అభ్యసన సూత్రాలన్నీ చెప్పారు కానీ మేకల గురించి చెప్పలేదు.

రెండో రోజు పాతికమంది పిల్లలు వచ్చారు. నేను బోర్డు మీద "అమ్మ" అని రాశాను. చదవమన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. చిన్న పిల్లొకతె ఏడ్చింది. ఆ సాయంత్రం బస్సు కోసం నడుస్తూ, నాకు పాఠం చెప్పడం రాదు అని తేల్చేసుకున్నాను. వాళ్ళ ఇంట్లో అమ్మని వేరే మాటతో పిలుస్తారనీ, ఆ అక్షరాలు కాదు అసలు ఆ మాటే వాళ్ళకి కొత్త అనీ నాకు తట్టలేదు. ఎవరో చెప్తే తప్ప ఇరవై నాలుగేళ్ళవాడికి ఎలా తడుతుందండీ?

మూడో రోజు పక్క ఊరి మాస్టారు సైకిలేసుకుని వచ్చారు. యాభై దాటిన మనిషి. వెనక గోడకి ఆనుకుని పిల్లల మధ్య కూర్చున్నారు. ఏమీ రాసుకోలేదు. ఏమీ అనలేదు. మధ్యాహ్నం వాళ్ళింటికి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. చారు పోసుకుంటూ ఒక్క మాట అన్నారు: "బాబూ, ఈ వారం పాఠం చెప్పకు. వాళ్ళ పేర్లు నేర్చుకో. వాళ్ళు దేన్ని ఏమంటారో అడిగి రాసుకో. నిన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ." అంతే. అదే నాకు జరిగిన ఇండక్షన్ ట్రైనింగ్. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసు ఆ చారన్నం మీద నడిచింది.

ఇంతకీ ఆ మాస్టారి సలహా కొత్తదేం కాదు. ఇక్కడికి దగ్గరే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా చేరారు. పుట్టింది 1863లో, అంటే పదిహేడేళ్ళ కుర్రాడు. ఆ చుట్టుపక్కల సవరల్ని చూసి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాసి బడులు పెట్టారు. సవర వ్యాకరణం అచ్చయింది 1931లో. అంతకాలం పట్టింది. మనం ఆగస్టు 29న దండేసి తెలుగు భాషా దినోత్సవం అంటాం కదా, ఆయన మొదటి పాఠం తెలుగు రాని పిల్లల దగ్గర నేర్చుకున్నారని ఆ రోజు ఎవరూ చెప్పరు. సరే, అది వేరే ప్రసంగం.

ఇప్పటి కొత్త టీచర్ దగ్గరికి వద్దాం. మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది, 16,347 పోస్టులు. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చారు, అక్టోబరులో బడుల్లో చేరారు. దీనికి ముందు డీఎస్సీ ఎప్పుడు? 2018లో. మధ్యలో ఏడేళ్ళు. ఈసారి జనరల్ కేటగిరీకే వయసు నలభై నాలుగు దాకా పెంచారు. అంటే ఏంటి? కొత్త టీచర్ అంటే మీసం రాని కుర్రాడు అనుకోకండి. వాళ్ళలో చాలామందికి పెళ్ళయి, పిల్లలుండి, పదేళ్ళు ప్రైవేటు స్కూళ్ళలో గొంతు అరగదీసుకుని వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళని "ఏమ్మా కొత్త పిల్లా" అని పిలిచే హెడ్మాస్టర్‌ని నేను చూశాను. ఆవిడకి ముప్పై తొమ్మిది. ఆయన కంటే ఆవిడకి బోర్డు మీద చేతిరాత బాగుంటుంది.

వాళ్ళకి పోస్టింగ్ ఎక్కడ వస్తుంది? మనమందరం వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, కోరుకున్నవి కోరుకున్నాక మిగిలిన చోట. మూడో కేటగిరీ, నాలుగో కేటగిరీ. రోడ్డు లేని ఊరు, ఒక్కరే టీచర్ ఉన్న బడి. దేశంలో బడుల వివరాలు సేకరించే యూడైస్ వాళ్ళ 2024-25 లెక్క చూడండి. దేశం మొత్తం మీద ఒక్క టీచరే ఉన్న బడులు లక్ష దాటాయి, అందులో మొదటి స్థానం మన రాష్ట్రానిదే, పన్నెండు వేల పైచిలుకు. అనుభవం ఉన్నవాడు టౌన్లో ఐదుగురి మధ్య ఉంటాడు, అనుభవం లేనివాడు కొండ మీద ఒక్కడు ఉంటాడు. డాక్టర్లలో ఇలా చేస్తే ఊరుకుంటామా? హౌస్ సర్జన్‌ని ఒంటరిగా ఆపరేషన్ థియేటర్లో వదిలి, పెద్ద డాక్టరు బీపీ చూసుకుంటూ కూర్చుంటాడా?

ట్రాన్స్‌ఫర్ల పద్ధతి మనం ఈ హాల్లో మార్చలేం. ఎనిమిదేళ్ళు దాటితే కదలాలి, పాయింట్లుంటే కోరుకోవాలి, అది చట్టం. నేను మాట్లాడేది మన చేతిలో ఉన్నదాని గురించి.

నా తప్పు చెప్తానన్నాను. చాలా ఏళ్ళ కిందట, నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక హైస్కూలుకి లెక్కల స్కూల్ అసిస్టెంట్ వచ్చింది. ఊరు పేరు చెప్పను. మంచి అమ్మాయి, లెక్కంటే ప్రాణం. మా దగ్గర తొమ్మిదో తరగతి "బి" సెక్షన్ ఉండేది. మీ దగ్గర కూడా ఒక "బి" సెక్షన్ ఉంటుంది, పేరు వేరే కావచ్చు. దాన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. టైమ్‌టేబుల్ వేసే రోజు సీనియర్లందరూ నా వైపు చూశారు, నేను ఆ అమ్మాయి వైపు చూశాను. తొమ్మిది "బి" క్లాస్ టీచర్. వారానికి అందరికంటే రెండు పీరియడ్లు ఎక్కువ. పైగా "మీరు యూత్ కదమ్మా, కంప్యూటర్ వచ్చు కదా" అని ఆన్‌లైన్ పనంతా. పిల్లల వివరాలు, భోజనం లెక్కలు, ఫొటోలు, స్కాలర్‌షిప్పులు, ఆధార్‌లో తప్పు పడిన పేర్లు. ఆ అమ్మాయి కాదనలేదు. కొత్తవాళ్ళు కాదనరు. అందుకే వాళ్ళకి ఇస్తాం.

నవంబరు వచ్చేసరికి "బి" సెక్షన్లోంచి గోల వినిపించేది. స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఆవిడ వినేలాగే అన్నాడు, "మేడమ్ గారికి క్లాస్ కంట్రోల్ లేదండీ." నేను అక్కడే ఉన్నాను. టీ తాగుతున్నాను. ఏమీ అనలేదు. ఆ మాట అన్నవాడికంటే టీ తాగినవాడి తప్పు ఎక్కువ. మర్నాటి నుంచి ఆవిడ స్టాఫ్ రూమ్‌కి రావడం మానేసింది. ల్యాబ్‌లో కూర్చుని క్యారేజీ తినేది. ఏడాది తిరక్కుండా డిప్యుటేషన్ తెచ్చుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది. లెక్కల టీచరు ఫైళ్ళు రాసుకుంటూ కూర్చుంది. ఆవిడ వెళ్ళిన రోజు సన్మానం చేసి శాలువా కప్పాం. సిగ్గు లేకుండా నేనే కప్పాను.

ఇప్పుడు చెప్పండి. ఆవిడ బడిని వదిలేసిందా, మేమే సాగనంపామా?

క్లాస్ కంట్రోల్ అనే ఈ మాట మీద ఒక్క నిమిషం. కొత్త టీచర్ని చంపేది ఈ మాటే. పిల్లలు గోల చేస్తారు. కొత్తవాళ్ళొస్తే ఇంకా చేస్తారు, ఎంతవరకు సాగుతుందో చూస్తారు. కోడలొచ్చిన ఇంట్లో పిల్లిపిల్లల్లా. మనందరి క్లాసుల్లోనూ చేశారు. నా క్లాసులో చాక్‌పీస్ ముక్కలు ఎగిరేవి. కానీ మనం అది ఎవరికీ చెప్పం. "నా పేరు వింటే పిల్లలకి వణుకు" అని చెప్తాం. అది విన్న కొత్త టీచర్ ఏమనుకుంటుంది? ఈ గోల నా ఒక్కదాని క్లాసులోనే అనుకుంటుంది. అడిగితే పరువు పోతుందనుకుంటుంది. తర్వాత ఒక రోజు బెత్తం తీసుకుంటుంది. క్లాసు నిశ్శబ్దమవుతుంది. "ఇప్పుడు మేడమ్ దారిలో పడ్డారు" అని మనమే మెచ్చుకుంటాం. ఆ రోజే ఒక టీచర్ పోయింది.

బీఎడ్‌లో ఇంటర్న్‌షిప్ ఉంది కదా అంటారు. ఉంది. రెండేళ్ళ కోర్సులో ఇరవై వారాలు బడుల్లో ఉండాలి. అవి ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పాలా? ఆ సంతకాలు పెట్టింది మనమే కదా. చేరేముందు వారం రోజుల ట్రైనింగ్ ఇస్తారు, మంచిదే. కానీ కొత్తవాడికి ప్రశ్నలు పుట్టేది ట్రైనింగ్‌లో కాదు. ప్రశ్నలు పుట్టేది నవంబరులో. అప్పుడు పక్కన ఎవరున్నారు?

2020 జాతీయ విద్యా విధానంలో టీచర్లకి మార్గదర్శకులు ఉండాలని రాశారు, ఏడాదికి 50 గంటల శిక్షణ అన్నారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఒక పద్ధతుంది, అది నాకు నచ్చింది. అక్కడ కొత్త టీచర్‌కి మొదటి ఏడాది టైమ్‌టేబుల్‌లో పది శాతం తగ్గిస్తారు, రెండో ఏడాది ఐదు శాతం. ఒక మెంటర్‌ని పెడతారు. 2021 నుంచి ఇది రెండేళ్ళ పాటు నడుస్తోంది. వాళ్ళకీ టీచర్లు వెళ్ళిపోయే బాధ ఉంది, అంతా బాగుందని నేను చెప్పడం లేదు. కానీ లెక్క చూడండి. వారానికి ముప్పై ఆరు పీరియడ్లుంటే పది శాతం అంటే మూడున్నర పీరియడ్లు. మనం ఏం చేస్తున్నాం? రెండు కలుపుతున్నాం.

మూడున్నర ఇవ్వలేం, సరే. మనకి టీచర్లే చాలరు. ఒక్క పీరియడ్ ఇవ్వగలమా? వారంలో ఒక్కటి. ఆ పీరియడ్‌లో ఆ కొత్త టీచర్ మీ క్లాసుకి వచ్చి వెనక కూర్చోవాలి. మీరు వాళ్ళ క్లాసుకి వెళ్ళే ముందు, వాళ్ళని మీ క్లాసుకి పిలవండి. మీ పాఠం చెడిపోయిన రోజు చూడనివ్వండి. అది చూస్తే వాళ్ళకి వచ్చే ధైర్యం ఏ మాడ్యూల్ చదివినా రాదు. తర్వాత వాళ్ళ క్లాసుకి వెళ్ళండి. రిజిస్టర్ పట్టుకెళ్ళకండి. పెన్ను కూడా జేబులోంచి తీయకండి. మనం పెన్ను తీస్తే టీచర్ పాఠం పిల్లలకి కాదు, మనకి చెప్పడం మొదలుపెడుతుంది.

ఎనభైల చివర, తొంభైల్లో పనిచేసినవాళ్ళకి ఏపీపెప్, అదే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, గుర్తుందా? టీచర్స్ సెంటర్లు పెట్టారు. నెలకోసారి కలిసేవాళ్ళం. చింతగింజలతో ఒకాయన, అగ్గిపుల్లలతో ఒకావిడ, ఎవరి తమాషా వాళ్ళు తెచ్చి చూపించేవాళ్ళు. అందులో పనికిరానివీ చాలా ఉండేవి, నేను తెచ్చిన గాలిపటం ఎగరలేదు. కానీ పనికిరానిది చూపించినా ఎవరూ నవ్వేవారు కాదు. ఇప్పుడు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఎలా ఉంది? అటెండెన్స్, ఎజెండా, వీడియో చూడడం, ఫారాలు నింపడం, టిఫిను. అక్కడ కొత్త టీచర్ ఒక్క ప్రశ్న అడగడానికి పది నిమిషాలు లేవు. ఆ బడుల పని చూసే సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) ఎవరైనా ఉంటే ఏమీ అనుకోకండి, మీ తప్పు కాదు, మీకు పైనుంచి వచ్చేది మీరు చేస్తున్నారు.

బడి బయట సంగతి కూడా ఉంది. ఈ మాట అంటే కొందరికి నచ్చదు, అయినా అంటాను. కొత్త టీచర్ ఆ ఊళ్ళో ఇల్లు అద్దెకి అడిగితే మొదట అడిగేది ఏంటి? సబ్జెక్ట్ అడుగుతారా? కులం అడుగుతారు. పెళ్ళికాని అమ్మాయి అయితే ఇంకో పది ప్రశ్నలు. ఇల్లు దొరక్క నలభై కిలోమీటర్లు షేర్ ఆటోలో, బస్సులో తిరిగే టీచర్ని "లోకల్‌గా ఉండరండీ వీళ్ళు" అంటాం. హెడ్మాస్టర్ వెళ్ళి ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులతో మాట్లాడి, "మా టీచరమ్మ, ఇల్లు చూడండి" అంటే పని కాదా? బాత్రూమ్‌కి గొళ్ళెం లేకపోతే బిగించడానికి ఏ జీవో కావాలి?

మొదటి జీతం సంగతి ఆఫీసు అనుభవం ఉన్నవాళ్ళకి తెలుసు. ఎంప్లాయీ ఐడీ రావాలి, పెన్షన్ ఖాతాకి ప్రాన్ నంబరు రావాలి, బిల్లు పెట్టాలి. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో కొత్తవాళ్ళకి తెలీదు, రెండు మూడు నెలలు అలా పోతాయి. ప్రైవేటులో ఉన్న ఉద్యోగం మానేసి వచ్చారు, చేతిలో డబ్బుండదు, అడగడానికి మొహమాటం. వాళ్ళతో ఒక పూట ఆఫీసుకి వెళ్ళండి. సర్వీస్ రిజిస్టర్ తెరిపించండి. ఇది విద్యా మనస్తత్వ శాస్త్రం కాదు, ఒక పూట సెలవు.

ప్రైవేటు బడుల నుంచి ఇద్దరు ముగ్గురు కరస్పాండెంట్లు కూడా వచ్చారని చెప్పారు. సంతోషం. మీ దగ్గర నిలుపుకోవడం అంటే నిజంగా నిలుపుకోవడమే, ఏటా జూన్‌లో సగం మొహాలు కొత్తవి. మీకు పెద్ద సలహా ఏం లేదు. వేసవి రెండు నెలలకీ జీతం ఇవ్వండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకోకండి. బీరువాలో సర్టిఫికెట్ ఉంటే మనిషి ఉంటాడు, టీచర్ ఉండడు.

టైమైందని చీటీ పంపారు. ఆ లెక్కల టీచర్ సంగతి చెప్పి ముగిస్తాను, లేకపోతే టీ దగ్గర మీరే అడుగుతారు. ఆవిడ మళ్ళీ బడికొచ్చింది. నా వల్ల కాదు. వేరే ఊళ్ళో ఒక హెడ్మాస్టరమ్మ పట్టుబట్టి డిప్యుటేషన్ రద్దు చేయించి తెచ్చుకుంది, మొదటి వారం నుంచి తన గదిలో తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది. ఇది నాకు ఆవిడే ఫోన్లో చెప్పింది. నేను సారీ చెప్పడానికి చేశాను. ఆవిడ నా సారీ విని, "ఇప్పుడు 'బి' సెక్షన్ ఎవరికిస్తున్నారు సార్?" అని అడిగింది. అప్పటికి నేను రిటైరై ఏడాది దాటింది, బతికిపోయాను.

భోజనాలకి ముందు మీకు ఒక కాగితం వస్తుంది. ప్రభుత్వానిది కాదు, ఎక్కడా అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు. మూడు గళ్ళే ఉన్నాయి. మీ బడిలో కొత్తగా చేరిన టీచర్ పేరు. ఏ ఊళ్ళో ఉంటున్నారు, రోజూ ఎంత దూరం నుంచి వస్తున్నారు. మధ్యాహ్నం ఎవరితో కలిసి అన్నం తింటున్నారు. మూడో గడి దగ్గర మీకు తెలీకపోతే ఖాళీగా వదిలేయండి. దయచేసి కల్పించి నింపకండి, గడి ఖాళీగా కనిపిస్తే ఏదో ఒకటి రాసేసే అలవాటు మనకి బాగా ఉంది.